జఫర్‌గఢ్ చెలక మీదుగా వచ్చిన లైను

మొన్న మహబూబాబాద్ స్టేషన్లో రైలు కోసం కూర్చుంటే ఫ్యాన్లు ఆగిపోయాయి. పక్కనున్న పెద్దమనిషి తువ్వాలతో విసురుకుంటూ, "కరెంటు మస్తుందంటరు, మరి గీడికెందుకు రాదు?" అన్నాడు. ఉద్యోగమంతా కరెంటు శాఖలోనే చేసినవాణ్ణి గనుక చెప్పబోయి, ఓపిక లేక ఊరుకున్నాను. బావ గుర్తొచ్చాడు. ఈ సంగతి ఆయనకు చెప్పినంత తేలిగ్గా మళ్లీ ఎవరికీ చెప్పలేకపోయాను.

బావంటే మా అక్క భర్త. జఫర్‌గఢ్ దగ్గర మూడెకరాల చెలక, అందులో ఒక బావి. అప్పట్లో నేను కరెంటు కొనే విభాగంలో ఉండేవాణ్ణి. భూపాలపల్లి వైపు కరెంటుకు కొదవ లేదు. దాన్ని జనగామ దాకా మోసుకొచ్చే లైనుకే బలం చాలదు. ఎండాకాలం ఆ లైను నిండిపోగానే ఇవతల ఉన్న ఒకే ఒక ప్రైవేటు ప్లాంటు యజమానిని బతిమాలుకోవాలి. లైను నిండిన సంగతి ఆయనకు మాకంటే ముందే తెలిసేది. "ఎండలు బాగా ముదిరినట్టున్నాయి సార్" అని కుశలం అడిగినట్టే అడిగి రేటు పెంచేవాడు. కొత్త లైను వేస్తే తప్ప ఆయన పట్టు వదలదు. ఆ లైను దారిలో మా బావ చెలక ఉంది. బావ ఒప్పుకోలేదు. బంధువునని నన్ను పంపారు.

అక్క సర్వపిండి పెట్టింది. బావ నా మొహం చూడకుండానే, "కరెంటు భూపాలపల్లిల పుట్టె, జనగామల వాడుకునుడాయె. నడుమ నా చెల్కనే దొరికిందా?" అన్నాడు.

"బస్సు నిండిపోయింది బావా. ఎక్కనోళ్లను ఆటోవాడు ఎంతంటే అంతకు తీస్కపోతున్నడు. ఇంకో బస్సు కావాలె."

బావకు వెంటనే అందింది. "అంటే నేను అడ్డం పడ్డన్ని దినాలు వానికి పండుగన్నట్టు!" మా అధికారులకు ఆ ముక్క ఎక్కడానికి రెండు మీటింగులు పట్టింది. "సరే తియ్. గని టవరు గట్టు మీద ఎయ్యుండ్రి. బాయి జోలికి రావొద్దు," అన్నాడు బావ. మాటిచ్చాను.

ఆఫీసుకొచ్చి అడిగితే కొలతలు మారవన్నారు. టవరు బావి పక్కనే లేచింది. పై అధికారులకు నేనొక ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. రెండోది తర్వాత రాద్దామనుకున్నాను. లైనులో కరెంటు పారిన వారానికే ఆ యజమాని తనంతట తానే ఫోన్ చేసి రేటు తగ్గించాడు. ఆఫీసులో మిఠాయిలు పంచారు. నేను సంబరంగా బావకు ఫోన్ చేశాను.

"మంచిగైంది బామ్మర్ది," అన్నాడు. "బాయి ఎండింది. బోరు ఏద్దామంటే వైర్ల కింద బోరుబండి నిలపొద్దంటున్నరు. నీళ్లున్న జాగ గదొక్కటే," అన్నాడు. ఫిర్యాదులా కాదు, వాన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

రెండేళ్లు వాన మీద ఆధారపడి పత్తి వేసి, చెలకను కౌలుకిచ్చేశాడు. పోయేదాకా నన్నొక్కసారీ నిలదీయలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ రెండో ఉత్తరానికి నాకు తీరిక లేదనుకున్నాను. ఇప్పుడు రోజంతా తీరికే. అది ఆయనకు పనికొచ్చే కాలం మాత్రం దాటిపోయింది.