బావ కట్టించిన రెండో తొట్టి

మా బావ పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఆ ఉదయం నేను సైటులో సెంట్రింగ్ పని చూస్తుండగా అక్క ఫోన్ చేసింది. "మీ బావ లేడురా తమ్మీ. దవాఖానకు పోయేదాక గూడ ఆగలే," అంది. అక్కడే ఇటుకల మీద కూలబడ్డాను. ఏడుపు కంటే ముందు ఒక సిగ్గుమాలిన ఆలోచన వచ్చింది: ఇక నన్ను ఎవరితోనూ పోల్చరు. ఆయన గురించి రాయాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ఇన్నేళ్లూ నేను ఆయన్ని చూసి కుళ్లుకున్నాను.

నేను డిప్లొమా సివిల్ చదివి, పదిమందికి ఇళ్ల ప్లాన్లు గీసిచ్చేవాణ్ణి. ఆయన పదో తరగతితో చదువు ఆపి, వరంగల్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం నడిపినవారు. అయినా బోరు ఎక్కడ వేయాలన్నా, పిల్లను ఏ కాలేజీలో చేర్చాలన్నా మా ఇంట్లో అందరూ ఆయన్నే అడిగేవారు. "బావనొక మాట అడుగు బిడ్డా," అనేది మా అమ్మ కూడా. ఆ మాట నాకు గొంతులో ముల్లు.

మడికొండలో ఇద్దరం పక్కపక్కనే ప్లాట్లు కొన్నాం. నేను నెల తిరక్కుండానే ముగ్గు పోయించాను. ఆయన ఒక వానాకాలమంతా ఆగారు. వాన పడినప్పుడల్లా స్కూటరు మీద వచ్చి, ఖాళీ ప్లాటులో గొడుగు పట్టుకుని నిలబడి, నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతున్నాయో చూసి పుల్లలు పాతేవారు.

"ఏం చూస్తానవ్ బావా, నీళ్లు పల్లానికే పోతయి గదా," అని నవ్వాను.

"పోతయి. నడుమల మనం ఇల్లు కడ్తన్నం గదా. తొవ్వ ఇడువాలె బామ్మర్దీ. మనం ఇడువకుంటే అదే చేసుకుంటది."

పెరట్లో భూమిలోపల ఒక తొట్టి కట్టిస్తానని, డ్రాయింగ్ గీసిమ్మని అడిగారు. జోరువానలో డాబా మీది నీళ్లన్నీ ఒక్కసారే రోడ్డు కాలువలో పడితే అది పొంగి ఇళ్ల మీదికి వస్తుంది. అవి ముందు తొట్టిలో పడి, అడుగునున్న సన్నపైపు గుండా మెల్లగా కాలువకు పోవాలని ఆయన ఆలోచన. నాకు రావలసిన ఆలోచన ఆయనకు వచ్చింది. "గంత అవసరం లేదు బావా," అని దాటేశాను. ఆయన దుకాణంలోంచి కొత్త గంజు గిన్నె తెచ్చి, అడుగున బెజ్జం కొట్టి, బకెట్లతో నీళ్లు పోస్తూ ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో గడియారం పట్టుకుని చూసుకున్నారు. "బంగారమసొంటి గంజు ఖరాబ్ జేసిండు," అని అక్క వారం రోజులు తిట్టింది. చివరికి మేస్త్రీతో కూర్చుని తొట్టి కట్టించుకున్నారు.

రెండిళ్లూ లేచాక వచ్చిన మొదటి పెద్దవానకు మా పార్కింగులో మోకాళ్ల లోతు నీళ్లు. "అన్న వాళ్లింటికి పోదాం పా," అంది నా భార్య. పక్కనే బావ ఇంటికి వెళ్లాం. వాళ్ల వాకిలి కడిగిన పళ్లెంలా ఉంది. అక్క ఇచ్చిన చాయ్ తాగుతూ, నా భార్య ఆ వాకిలిని చూసిన చూపు చూశాను. చాయ్ సహించలేదు.

ఆ ఎండాకాలం మా వాకిలి ఎత్తు చేయించాను. వాలు రోడ్డు వైపు ఇవ్వాలి. నేను ప్రహరీ అడుగున రెండు బెజ్జాలు పెట్టించి, ఆయన పెరటి వైపు ఇచ్చాను. తప్పని తెలుసు. ఒక్కసారైనా ఆయన పెరట్లో నీళ్లు నిలవాలని నా కోరిక.

ఆయన ఒక్కమాటే అడిగారు. "మీ నీళ్లు ఎటు పోతన్నయో చూసుకున్నవా?"

"రోడ్డుకు పోతన్నయి బావా."

"మంచిది," అన్నారు.

తర్వాతి వానకు డాబా ఎక్కి ఆశగా చూశాను. ఆయన పెరట్లో చుక్క నీరు నిలవలేదు. ఏ మాయ చేశాడీ మనిషి అని మళ్లీ కుళ్లుకున్నాను.

ఆయన పోయిన ఐదో రోజు, పలకరించడానికి వచ్చిన మేస్త్రీ నన్ను పక్కకు పిలిచాడు. "సారూ, పెరట్ల రెండో తొట్టి ఉన్నది, మీకెరుకేనా? మీరు ఊర్ల లేని వారం చూసి, మీ బెజ్జాల నీళ్లకే కట్టించిండు. 'ఇదేంది, పోయి అడుగుర్రి' అన్న నేను. 'చదువుకున్నోడు, చెప్తే చిన్నబోతడు. మనకు జాగ ఉన్నది గదా' అన్నడు."

నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా అసూయే పుట్టింది. ఇంతకు ముందు ఆయన తెలివి మీద, ఇప్పుడు ఆయన గుణం మీద. ఏడ్చింది ఆ తర్వాతే.

పదకొండో రోజు కార్యం అయ్యాక అక్క దగ్గర కూర్చుని అంతా ఒప్పుకున్నాను. "నాకెరుకే తమ్మీ," అంది. "నీ మీద ఎన్నడు కోపం రాలే ఆయనకు. 'వాడు నా లెక్క వాన్ల నిలబడలే, గంతే' అనెటోడు."

ఇంతలో వాన మొదలైంది. బంధువులంతా లోపలికి జరిగారు. అక్క మాత్రం లేచి పెరట్లోకి నడిచింది. ప్రహరీ పక్కన ఆ రెండో తొట్టి మూతి జాలీకి ఆకులు అడ్డం పడ్డాయి. నీళ్లు సుడి తిరుగుతున్నాయి. ఆమె కొంగు నడుముకు దోపి, గొంతుకు కూర్చుని, గాజులు లేని చేతులతో ఒక్కొక్క ఆకూ తీసి పక్కన వేస్తోంది. నేను వెళ్లి నిలబడితే, తల ఎత్తకుండానే జర పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.