ఖాళీ ఇంటిని కేకేసే మా అత్త

మా అత్త పెంటమ్మ ఎవరూ లేని కొంపలోకి కూడా పిలవకుండా అడుగుపెట్టదు. "ఇంట్లోల్లూ, వస్తున్నం!" అని కేకేసి, లోపలికి రాయి విసిరి, కర్రతో గడప కొట్టి ఆగుతుంది. పామో, తేనెటీగలో, ఊడే పెళ్లలో, ఏదో ఒకటి జవాబిస్తుందట. కొత్తలో నేనూ, మామ బీరన్నా పడీపడీ నవ్వేవాళ్లం.

ఆ రోజు నవ్వే తీరిక లేదు. ముందు రాత్రి కుక్కలు దొడ్డిలో పడి గొర్రెపిల్లలను ఈడ్చుకుపోయాయి. మిగిలినవి ఇంకా పాలు మరవని పసివి. పొద్దుగూకేలోగా దొడ్డి చుట్టూ ఇనుప జాలీ కట్టకపోతే అవీ దక్కవు. పాలకీడు ఊరి అవతల గుట్టల్లో మూతపడ్డ సున్నపురాయి క్వారీ ఉంది. అక్కడ పనికొచ్చేది ఏదున్నా తీసుకుపొమ్మని దాని ఓనరు మామతో ఎప్పుడో అన్నాడు. ముగ్గురం ట్రాలీ ఆటో ఎక్కాం.

క్వారీ షెడ్డు ముందు అత్త కేకేసింది, రాయి వేసింది. రేకుల కిందనుంచి ఉడుము దూసుకొచ్చి నా కాళ్ల సందులోంచే పోయింది. నా అరుపు కోదాడ దాకా వినబడి ఉంటుంది. కానీ లోపల, అబ్బ! జాలీ చుట్టలు, తుప్పు కూడా సరిగా పట్టనివి!

"అత్తమ్మా, దొరికినయ్!" అని గంతులేశాను.

అత్త మా చేతులకు గోనెసంచి పీలికలు చుట్టింది. వాలిన గోడవైపు పోనీయకుండా, ఇవతలి చుట్టలే లాగించింది.

ఇంతలో పక్క గదిలోంచి మామ గొంతు. ఆ గదిని అత్త ఇంకా పిలవనేలేదు.

"పెంటమ్మా, సూడు! గొర్రెపిల్లల మెడలకు గంటలైతయ్. జర కొస కొడితే సాలు!"

తొంగిచూశాను. నేలమీద మెరిసే సన్నని గొట్టాలు, వాటికి రంగురంగుల వైర్లు. మామ వాటి పక్కన గొంతుకూర్చుని రాయి ఎత్తాడు. గొర్రెలోళ్ల బుద్ధి అంతే, గొట్టం కనబడితే గంటే గుర్తుకొస్తుంది.

"కొట్టకు!" అత్త కేకకు గుట్ట మోగింది. "గవి బండ పేల్చేటివి! మా అన్న వేళ్లు పోయింది గసొంటిదానితోనే. రాయి నీ ఎనక పెట్టు. మెల్లగ. ఇగ లేసి రా!"

మామ వచ్చాడు. అత్త ఆయన వీపు మీద ఒక్కటేసి, ఆ తర్వాత చెయ్యి వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ గుమ్మానికి అత్త ముళ్లకంప అడ్డం పెట్టింది. మందలు తోలేవాళ్లెవరూ కంప వేసిన వాకిలి దాటరు. నేను పోలీసులకు ఫోన్ చేశాను.

పొద్దుగూకేసరికి జాలీ నిలబడింది. తెల్లారి చూస్తే దొడ్డి చుట్టూ కుక్కల అడుగులు, మట్టి గీరిన గుర్తులు. లోపల పిల్లలన్నీ తల్లుల పొదుగులు కుమ్ముతున్నాయి. సంతోషం పట్టలేక ఈల వేశాను.

మామ దొడ్డి తలుపు దగ్గర ఆగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఇంట్లోల్లూ, వస్తున్నం" అన్నాడు.