గంగమ్మ పాటకు తాళం తీసిన ప్రయాణం

మూడేళ్ళ కిందట సూలూరులో రంగమ్మవ్వ దగ్గర, పత్తి తీసేటప్పుడు పాడే పాటొకటి రికార్డు చేసుకున్నాను. దాని మీద ఇంగ్లీషులో రాసిన వ్యాసం ఒక పెద్ద పరిశోధన పత్రికలో అచ్చయింది. అచ్చయిందంటే తాళం పడిందన్నమాట. డబ్బు కట్టనిదే రాసిన నాకే తెరుచుకోలేదు. "మా అమ్మ పాట అచ్చులో చూసి పోవాల తంబీ" అని అవ్వ ప్రతి పండక్కీ ఫోన్ చేసేది. ఈమధ్య మా కాలేజీ రుసుము కట్టింది, తాళం ఊడింది. ఇక ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. లోకం తొక్కిసలాడుకుంటూ వచ్చేలోపు అవ్వకు చూపిద్దామని మదురైలో ఉదయం ఏడింటి కోయంబత్తూరు రైలెక్కాను.

దిండిగల్లులో ఇడ్లీ దొరికింది. చట్నీ నీళ్ళలా ఉన్నా వేడిగానే ఉంది. పళనిలో గుండ్లు చేయించుకున్న భక్తులతో పెట్టె నిండిపోయింది కాబట్టి కిటికీ సీటు ముందే చూసుకోవడం మంచిది. ఎదురుగా అవినాశి ఊరి నాయుడుగారు, బనియన్ల కంపెనీ ఆయన. నా ఘనకార్యం వివరించాను.

"రాసింది మీరు, దుడ్డు కట్టింది మీవాళ్ళా?" అన్నాడు. "మేము బనీను కుట్టిస్తే కొనేవాడు కదా మాకిస్తాడు! మంచి బిజినెస్ సార్. ఆ పత్రికోళ్ళ అడ్రస్ ఇవ్వండి."

ఇది విద్య అని, వ్యాపారం కాదని నచ్చజెప్పబోయాను. ఆయన మర్యాదగా తలూపి నిద్రపోయాడు.

పన్నెండున్నరకు పోదనూరులో దిగి, సింగానల్లూరులో బస్సు మారి, రెండింటికి సూలూరు చేరాను. ఉలవపప్పుతో అన్నం పెట్టాకే అవ్వ నన్ను మాట్లాడనిచ్చింది. కోడలు సరోజ మరమగ్గాల షెడ్డుకు పూట సెలవు పెట్టి కూర్చుంది. ఇంట్లో తెలుగే అయినా ఆమె చదువు తమిళం, ఇంగ్లీషు. వ్యాసం క్షణంలో తెరుచుకుంది. ఫోను గర్వంగా ఆమె చేతికిచ్చాను.

"అత్తా, నీ పేరు లేదే. పాడిన మనిషి, నంబరు మూడు అనుండాది."

"నా పేరు ఎవురికి కావాల? మా అమ్మ గంగమ్మ పేరుండాదా, చూడు కణ్ణు" అని అవ్వ కోడల్ని ముద్దుగా తొందరపెట్టింది.

లేదు.

వాళ్ళలో పాట ఎత్తే ముందు నేర్పినవారి పేరు చెప్పాలి. చెప్పకపోతే దొంగిలించినట్టే లెక్క. అవ్వ ఆనాడు చెప్పింది కూడా. పిచ్చాపాటీ అనుకుని ఆ ముక్క నేనే కత్తిరించాను. మిగతా పేర్లన్నీ పరిశోధన పద్ధతి ప్రకారం, వాళ్ళ మేలు కోరి దాచాను.

"మా అమ్మ పాటను నేను దొంగిలించినట్టు చేసినావే తంబీ" అని అవ్వ కళ్ళు తుడుచుకుంటూ లోపలికి పోయింది. సిగ్గుతో నాకు తలెత్తబుద్ధి కాలేదు.

సరోజ కాఫీ ఇచ్చింది. "రాసి మార్పించండి సార్. ఓపెన్ చేసినోళ్ళు ఇది చెయ్యలేరా?"

ఐదున్నరకు సింగానల్లూరులో మదురై బస్సెక్కి ఫోనులోనే పత్రికకు మెయిలు రాశాను. ధారాపురం రాకముందే జవాబొచ్చింది. వాళ్ళలో ఇంత వేగం నేనెన్నడూ చూడలేదు. పేరు వేయాలంటే ఆ వ్యక్తి స్వయంగా సంతకం చేసిన అనుమతిపత్రం కావాలట. గంగమ్మకు సంతకం రాదు. పైగా ఆమె పోయి నలభై ఏళ్ళయింది.

ఈ దారిన వెళ్ళేవారికి చెప్పదగ్గది ఇంతే: రైలు సమయానికే నడుస్తుంది, సూలూరు ఉలవపప్పు బాగుంటుంది, వ్యాసం ఉచితం. బస్సులో ఊసుపోక నేనూ మొదటినుంచి చివరిదాకా చదివాను. అందులో నా పేరు పదకొండు చోట్ల ఉంది.