బడి ముందు మోగిన సన్నాయి

మా ఊరికి బడి వచ్చిన రోజు పిల్లల్ని ఊరేగింపుగా తీసుకుపోయింది సన్నాయి ఖాదరే. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి ఏడు అది. ఖాదర్ ముందు నడుస్తూ ఊదుతుంటే, ఆరేళ్ల కొడుకు మక్బూల్ కొత్త చొక్కా వేసుకుని పక్కన నడిచాడు. వెనక వరసలో నేనూ ఉన్నాను. మా ఊళ్లో ఏ పెళ్లికొడుక్కీ అంత మర్యాద జరగలేదు.

ఖాదర్‌ది దూదేకుల ఇల్లు. గండి ఆంజనేయస్వామికి శ్రావణ శనివారాల మేళం తాతల నాటి నుంచి ఆ ఇంటిదే. తన తర్వాత మక్బూల్ ఊదాలి. అటు అల్లాను గానీ, ఇటు ఆంజనేయుణ్ణి గానీ ఆయన కోరుకున్నది అదొక్కటే.

సన్నాయి పుస్తకంలో దొరికే విద్య కాదు. కోడి కూయకముందే లేచి దమ్ము పట్టాలి, ఊపిరి తెగకుండా ఒకే స్వరాన్ని నిలపాలి. పెళ్లిళ్లకు తండ్రి వెంట తిరిగి, పక్కన కూర్చుని శ్రుతి ఊదాలి. అలాగే ఒకసారి ఖాదర్ కొడుకును జమ్మలమడుగు పెళ్లికి తీసుకుపోయి వచ్చేసరికి, బడి పెద్ద యజ్ఞనారాయణ అయ్యవారు వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఏందప్పా ఖాదర్, బడి మాన్పించి పిల్లోణ్ణి యాడ తిప్పుతాండావు? పంపకుంటే జరిమానా ఏస్తారు, తెలుసునా?"

"పని నేర్చుకుంటాండాడు సామీ."

"బూర ఊదేది గూడా ఒక పనేనా? వాణ్ణి గుమాస్తాను చేస్తా, చూస్తాండు."

అయ్యవారు చెడ్డవారు కారు. మా ఖర్మ అదే. చెడ్డవారైతే ఎవరో ఒకరం ఎదురు తిరిగేవాళ్లం.

తెల్లవారుజామున ఊదినవాడికి బడిలో కునుకు వచ్చేది. గోడకుర్చీ వేయించారు. బుగ్గలు ఉబ్బించి చూపిస్తూ పిల్లలు నవ్వారు. ఒకరోజు మక్బూల్ సన్నాయి కింద పెట్టేశాడు.

"నాకొద్దు నాయనా, సిగ్గయితాంది."

ఆ బడి నాకు ఉద్యోగమిచ్చింది, కాదనను. కానీ మక్బూల్‌కు అది నిండుగా నేర్పింది ఆ సిగ్గు ఒక్కటే. ఎస్సెస్సెల్సీ తప్పాడు, మళ్లీ కట్టి మళ్లీ తప్పాడు. రెంటికీ చెడ్డ రేవడిలా ప్రొద్దుటూరు గుడ్డల అంగట్లో బేళ్లు మోశాడు. చదువుకున్న హమాలీ అని అక్కడా ఎగతాళే. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంతలో ఖాదర్‌కు ముందు పళ్లు రాలిపోయాయి. సన్నాయి కొసనుండే ఊదే పీక పెదాల మధ్య నిలవలేదు. ఆ శ్రావణ శనివారం గండిలో మైకుసెట్టు తెచ్చి రికార్డు పెట్టారు. ఖాదర్ జనంలో నిలబడి విన్నాడు. మక్బూల్ ఆయన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాడు.

వస్తూనే మక్బూల్ గోడకున్న సన్నాయి దించి నోట పెట్టుకున్నాడు. ఒకే స్వరం. సన్నగా మొదలై ఇల్లంతా నిండింది, ఎంతకీ తెగలేదు. వేళ్లకు మాత్రం ఎటు పోవాలో తెలియలేదు.

ఖాదర్ వెక్కి వెక్కి ఏడ్చాడు.

"దమ్ముండాది రా నీకు, శానా ఉండాది. లేకపోయింటే నేను నిమ్మళంగా పోదును."