తెర మీద బట్టతల

విగ్గుల బాబాయి పేటలో అందరికీ తెలుసు. ఆయన దగ్గర విగ్గు చేయించుకున్నవాళ్లెవరో మాత్రం ఎవరికీ తెలియదు. ఆయన బతుకుతెరువంతా ఆ తెలియకపోవడంలోనే ఉంది.

వెనకగదిలో కూర్చుని, సన్నటి వలలోకి చిన్న కొక్కెంతో ఒక్కొక్క వెంట్రుకే లాగి ముడివేస్తాడు. నుదుటి దగ్గర అంచు మరీ తీరుగా వస్తే ఊడదీసి మళ్లీ మొదలుపెడతాడు. “జుట్టెక్కడైనా స్కేలు పెట్టి మొలుస్తుందా?” అంటాడు. అంచు బాగా కుదరాలంటే బుర్ర ఆకారం కళ్లముందుండాలి. అందుకని వచ్చినవాళ్ల బట్టతలను వెనకనుంచీ, పక్కలనుంచీ, ముందునుంచీ ఫొటోలు తీసి కంప్యూటర్‌లో దాచుకుంటాడు.

చిక్కంతా ఆ కంప్యూటర్‌తోనే. ఇంట్లో ఉన్నది అదొక్కటే, అదీ ముందుగదిలో. బాబాయి ఫొటోలూ, కూతురి చదువూ, పిన్ని పాటలూ అన్నీ దాంట్లోనే. కూతురు చెప్పగా బాబాయి పాస్‌వర్డ్ పెట్టాడు. అక్షరాలూ అంకెలూ కలిపి బారెడు పాస్‌వర్డ్. పొద్దున్నే అందరినీ గోడవైపు తిరగమని, మోచేతులు అడ్డం పెట్టి కొట్టేవాడు. చుట్టాలొచ్చినా సరే, గోడ చూడాల్సిందే. అలా తెరిచాక మాత్రం రాత్రి పడుకునేదాకా ఎవరు పడితే వాళ్లు వాడుకునేవారు.

కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే మూసుకుపోయేలా కూతురు ఒక ఏర్పాటు చేసింది. అది పిన్నికి గిట్టలేదు. “పాట ఆపి పొయ్యి మీది పాలు దించొచ్చేలోపు మూసేసుకుంటోందే. పాట పాటకీ మీ నాన్న గడ్డం పట్టుకోవాలా నేను?” అని పోరి దాన్ని తీయించేసింది. బదులుగా, ఊరికే ఉన్నప్పుడు ఇంట్లో ఫొటోలు ఒకదాని వెంట ఒకటి కనిపించేలా పెట్టించుకుంది. ఏవి ఇంట్లోవో, ఏవి కావో కంప్యూటర్‌కేం తెలుసు? దాని లోపలున్నవన్నీ దానికి ఇంట్లోవే.

ఒక సాయంత్రం హెడ్మాస్టారు వచ్చారు. విగ్గు అంచు దగ్గర జిగురు వదులైంది. అదే సమయానికి పక్కింటి కుట్టుమిషనామె కబుర్లకు వచ్చి పిన్ని పక్కన కూర్చుని ఉంది. ఆమె పిల్లలు చదివేది ఆయన బడిలోనే. పని సంగతి పైకి అనలేక మాస్టారు ఆమెకు ఎదురుగా కూర్చుని, గాలి గురించీ ఎండ గురించీ మాట్లాడసాగారు. పిన్ని పాట ఆపింది. కాసేపటికి తెర మీద కూతురి చిన్ననాటి ఫొటో వచ్చింది. తరువాత పిన్ని. ఆ తరువాత నిగనిగలాడుతూ ఒక బట్టతల, వెనకనుంచి.

“ఓయమ్మో, ఎవరిది పిన్నీ ఇది? అద్దంలా ఉంది! జడ వేసుకోవచ్చు అందులో చూసుకుని!” అంది కుట్టుమిషనామె.

“నాకేం తెలుసే?” అంది పిన్ని. నిజంగానే తెలియదు.

మాస్టారికి తెలుసు. ఆయన అందరికంటే గట్టిగా నవ్వారు. ఈలోగా తెర మీద అదే బుర్ర పక్కనుంచి, చెవితో సహా వచ్చింది. తరువాత రావలసింది ముఖం.

నవ్వు విని వెనకగదిలోంచి వచ్చిన బాబాయి ఒక్క అంగలో వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

“అయ్యో, ఎందుకాపేశారు? ఆ చెవి ఎక్కడో చూశాను నేను,” అంటూ ఆమె మెల్లగా మాస్టారి వైపు తల తిప్పుతోంది.

“నాదే!” అన్నాడు బాబాయి.

“ఏంటి, చెవా?”

“చెవీ నాదే, బుర్రా నాదే. తలమీదున్నది విగ్గు.”

ఆమె లేచి ఆయన చుట్టూ ఒకసారి తిరిగింది. “ఛ, వేళాకోళాలు! లాగి చూడనా?”

“లాగమ్మా. జిగురు గట్టిది, చెబుతున్నా.”

రెండు చేతులతో పట్టి లాగింది. బాబాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. “అబ్బ, ఏం అతికించారండీ!” అని ఆశ్చర్యపోయింది. నోరు తెరుచుకుని చూస్తున్న పిన్ని తేరుకుని, “ఎన్నిసార్లు చెప్పాను, ఎవరికీ చెప్పుకోవద్దని!” అని విసుక్కుంది. మాస్టారు తన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంటూ, “అచ్చం నిజం జుట్టులాగే ఉందండీ,” అన్నారు.

ఆ రాత్రే కూతురు ఎవరి ఖాతా వాళ్లకు విడగొట్టింది. తల్లి పాటలు ఒకచోట, తండ్రి ఫొటోలు మరోచోట, వాటికి మరో తాళం. “కూర్చున్నప్పుడు తెరవడం కాదు నాన్నా, లేచినప్పుడల్లా మూసెయ్యాలి,” అంది. బాబాయి ఇప్పుడు మంచినీళ్లకు లేచినా మూసే లేస్తాడు.

కానీ కబురు పేట దాటిపోయింది. “మీ నెత్తి మీదున్నదాని లాంటిదే కావాలి” అంటూ జనం రావడం మొదలుపెట్టారు. “అంత బాగా నాకు రాదు బాబూ,” అని బాబాయి ఉన్నమాటే చెబుతాడు. ఎంత వినయమో అని వాళ్లు బయానా ఇచ్చి పోతారు.

పెద్ద కష్టం జుట్టు పెరగడం. విగ్గు పెరగదు కదా. మంగలి దగ్గరికి వెళ్తే గుట్టు రట్టవుతుంది. అందుకని తలుపు గడియ పెట్టి పిన్నే కత్తిరిస్తోంది. ఆవిడ ఒక వైపు ఎక్కువ తీసి, దాన్ని సరిచేయబోయి రెండో వైపు ఇంకా ఎక్కువ తీస్తుంది.

మొన్న కుట్టుమిషనామె గుమ్మంలో నిలబడి ఆ తలను పరీక్షగా చూసింది. “ఏమనుకోకండి బాబాయి గారూ. ఈ విగ్గు అంచులన్నీ వంకరపోయాయి. కుట్టు ఇంత అధ్వాన్నంగా ఉంటే మా కొట్లో బట్ట మొహాన కొడతారు.”

బాబాయి చేతిలో కొక్కెం ఆగింది. పిన్ని ఆయన వైపు చూసింది.

“అవునమ్మా,” అన్నాడు బాబాయి. “ఇది నేను బొత్తిగా పని రాని రోజుల్లో చేసింది.”