అత్తమ్మ తమ్ముడు వచ్చిన రోజు

ఈ మాట నాలో పడి ఎన్నో ఏళ్లయింది. నా భర్తకు చెప్పలేదు. నా బిడ్డకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నేను అక్షరాలు నేర్చుకుని ఎక్కువ కాలం కాలేదు. రాత మెల్లగా సాగుతుంది. మెల్లగా అయితేనే మంచిది. నోటితో చెబితే తొందరలో ఏదో ఒకటి దాటేస్తాను.

మా అత్తమ్మ పేరు సోనాబాయి. మెదక్‌లో ఆమెను ఆ పేరుతో పిలిచినవాళ్లు తక్కువ, మరాఠామె అనేవారు. బీదరు దాటి, ఉద్గీరు దగ్గర ఆమె పుట్టిన ఊరు. మా మామయ్యను చేసుకుని నిజాం కాలంలోనే ఇక్కడికి వచ్చింది. తెలుగు ఒక్క ముక్క రాకుండా వచ్చి, ఆమె మాటకు నవ్వినవాళ్ల దగ్గరే నేర్చుకుంది. మాది కుట్టుపని చేసే ఇల్లు. మామయ్య మిషన్ తొక్కితే ఆమె కాజాలు తీసేది, గుండీలు కుట్టేది. రాష్ట్రాలు విడదీసినప్పుడు ఆమె ఊరు మరాఠీవాళ్ల వైపు పోయింది. మామయ్య ఆటపట్టించేవాడు: "ఇగ నీ పుట్టిల్లు వేరే రాజ్యం. పోవాల్నంటే సర్కారునడగాలె."

ఆమె పంటితో దారం తెంపుతూ, "సర్కారెందుకు, మా తమ్ముడొస్తే చాలు" అనేది.

అది ఉత్త మాట కాదు. పుట్టింటి నుంచి ఎవరైనా వచ్చి తీసుకుపోతేనే పోవాలి, పిలవని గడప తొక్కకూడదు అన్నది ఆమె పట్టుదల. నా పెళ్లికి వాళ్లవాళ్లెవరూ రాలేదు. నిజాం దిగిపోయేనాటి కల్లోలపు రోజులు, దారులు బాగాలేవు. అది ఆమెకూ తెలుసు. అయినా ఒకసారి నా ముందు కళ్లు తుడుచుకుంటూ, కొడుకు పెళ్లికి రానివాళ్లు ఇంకెప్పుడు వస్తారు అన్నది. ఒక్కసారే అన్నది. నేను మరచిపోలేదు.

మొదటి కాన్పులో నా బిడ్డ దక్కలేదు. నేనూ దక్కనన్నారు. అత్తమ్మే నన్ను పసిపిల్లను సాకినట్టు సాకి నిలబెట్టింది. రెండోసారి నెలలు నిండేసరికి కాళ్లు వాచి, లేచి నాలుగడుగులు వేయడమే కష్టమైంది. కుల్చారంలో మా అమ్మ ఎప్పుడో పోయింది. నాకు అత్తమ్మ తప్ప వేరే ఆడదిక్కు లేదు.

ఆ రోజు మామయ్యా నా భర్తా మిషన్ తీసుకుని రామాయంపేట పోయారు, ఒక దొర ఇంట్లో పెళ్లిబట్టలు కుట్టడానికి. అత్తమ్మ నాకు మందు తేవడానికి దవాఖానకు పోయింది. అప్పుడు తలపాగా చుట్టుకున్న ఒక మనిషి గడప ముందు నిలబడ్డాడు. ముక్కు చూడగానే అత్తమ్మ తమ్ముడని తెలిసింది. సగం ఉర్దూలో, సగం మరాఠీలో చెప్పాడు. తల్లి మంచం పట్టింది. అక్కను చూడాలని కలవరిస్తోంది. సాయంత్రం బస్సుకే తీసుకుపోతాడు. అక్క కోసం ఒక చీర కూడా తెచ్చాడు.

నేను నీళ్లు ముంచాను. ఆ చెంబు ఆయన చేతికి అందేలోపే నాలో నిర్ణయం జరిగిపోయింది. ఆమె పోతే నన్నెవరు పట్టుకుంటారు? అత్తమ్మ కుల్చారం పోయిందని, వారం దాకా రాదని నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. అంతటితో ఆగితే ఆయన మళ్లీ వచ్చేవాడు. ఆగలేదు.

"కొడుకు పెండ్లికి రానోళ్లు నాకక్కర లేదన్నది. ఎవరన్న వస్తే మల్ల రావద్దని చెప్పమన్నది."

ఆమె ఎప్పుడో ఏడుస్తూ అన్న మాటనే మార్చి ఆయన ముందు పెట్టాను. అందుకే నమ్మాడు. అక్క గొంతును గుర్తుపట్టినట్టు తల వంచుకున్నాడు. చీర అరుగు మీద పెట్టి, నీళ్లు ముట్టకుండా వెళ్లిపోయాడు.

కాసేపటికి అత్తమ్మ మందుసీసా కొంగులో పట్టుకుని వచ్చింది. అప్పటికే చీరను నా బట్టల కింద తోసేశాను. ఆమె కూర్చుని నా కాళ్లు ఒత్తింది. బస్సు ఇంకా పోలేదని నాకు తెలుసు. సాయంత్రం దాకా సమయం ఉంది. మొదటి మాట భయంతో అన్నాననుకుందాం. ఆమె చేతులు నా కాళ్ల మీద ఉండగా, సాయంత్రం దాకా నోరు విప్పకుండా ఉన్నది దేనితో? దానికి నా దగ్గర పేరు లేదు.

ఆడపిల్ల పుట్టింది. అత్తమ్మ చేతుల మీద మేమిద్దరం బతికాం. ఉయ్యాలకు గట్టి బట్ట కావాలంటే ఆ చీరే తీసిచ్చాను. దాస్తే ఎప్పటికైనా దొరుకుతుందని ఇచ్చానా? ఎలాగైనా ఆమె చేతికి చేరాలని ఇచ్చానా? ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె అంచును వేళ్లతో తడిమి చూసింది.

"యాడిది బిడ్డా గీ చీర?"

"మూటలాయన తెచ్చిండత్తమ్మా. పాత బట్టలిచ్చి తీస్కున్న."

"మా అమ్మ గిసొంటి అంచే కడ్తది." కాసేపు చూసి నవ్వింది. "నేను పోకున్నా మా ఊరే నా దగ్గరికొచ్చింది సూడు."

ఆ ఉయ్యాలను ఊపుతూ వాళ్ల భాషలో పాటలు పాడేది. నేను పక్కనే పడుకుని వినేదాన్ని.

కొన్ని నెలలకు బీదరు వైపు నుంచి వచ్చిన బట్టల వర్తకుడు ఆమె తల్లి పోయిన సంగతి చెప్పాడు. తమ్ముడు కబురన్నా పంపలేదు అన్నది అత్తమ్మ. తలకు పోసుకుంది. అందరికీ వండి పెట్టింది. ఆ తర్వాత పుట్టింటి ఊసు ఎత్తలేదు. మామయ్య కూడా ఆ హాస్యం మానేశాడు.

మిగిలిన బతుకంతా మాకే ఇచ్చింది. మామయ్యకు చూపు తగ్గితే సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. మనవలకు దళసరి జొన్నరొట్టె చేసి, మీద నూనె, కారం వేసి తినిపించేది. మా మీద ఆమె ప్రేమలో అబద్ధం లేదు. పోయినప్పుడు, దినాల నాడు వాడంతా వచ్చి ఒకే మాట అన్నారు. అంత దూరం నుంచి వచ్చి ఒక్కనాడు పుట్టింటి వైపు చూడలేదు, ఇల్లాలంటే అట్లా ఉండాలి అన్నారు. నేను విస్తళ్లు వేస్తూ విన్నాను. తల కూడా ఊపాను.

తర్వాత మహిళా మండలిలో మధ్యాహ్నం చదువులో చేరాను. నా పేరు రాయడం వచ్చాక ఇంట్లోవాళ్ల పేర్లు రాయమంది టీచరమ్మ. సోనాబాయి అని మొదలుపెట్టి, పూర్తి చేయలేక పలక తుడిచేశాను.

మొన్న నా బిడ్డకు, ఆ ఉయ్యాలలో పెరిగిన పిల్లకే, సంబంధం కుదిరింది. నా భర్త దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "మీ నాయినమ్మ లెక్క ఉండాలె బిడ్డా. మాటిమాటికి ఇంటికొస్త అనొద్దు" అన్నాడు. "సరే నాయినా" అని అది తల ఊపింది. నేనక్కడే ఉన్నాను. అప్పుడూ నోరు రాలేదు.

ఆ తమ్ముడు ఉన్నాడో లేడో తెలియదు. ఊరి పేరు తెలుసు. ఏ బస్సు ఎక్కాలో తెలుసు. పోలేదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అది మీరు ఇచ్చేది కాదు. ఇవ్వగలిగిన మనిషి, తమ్ముడు తనను మరిచాడనుకునే పోయింది. ఆమె మందుసీసాతో గడప దాటి వచ్చినప్పుడు నేను అనవలసిన మాట ఒకటుంది. ఇన్నేళ్లకు ఇక్కడ, ఈ వంకర అక్షరాలతో రాస్తున్నాను.

అత్తమ్మా, నీ తమ్ముడొచ్చిండు. నిన్ను తీస్కపోతనన్నడు. బస్సింక పోలే.