మాసమ్మ గోనెసంచి

మా తమ్ముడి సాకర్ బ్యాగ్ జిప్పు తీస్తే చాలు, ఉల్లిపాయా తడి గడ్డీ మూడు రోజుల చెమటా కలిసిన ఘాటు ఒకటి కారంతా కమ్ముకుంటుంది. అద్దాలు దించరా అని వాడి మీద కేకలేస్తాను గానీ, నిజం చెప్పొద్దూ, ఆ వాసనంటే నాకు లోపల ఎక్కడో ఇష్టమే. పదమూడేళ్ళ కిందట, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంట్ మెట్ల మీదికి సాయంత్రం ఆరింటికల్లా సరిగ్గా ఇదే వాసన ఎక్కివచ్చేది. కింది ఫ్లాట్ డోనా ఆంటీ పని నుంచి వచ్చిందని దానికి అర్థం. ఆవిడ గంట దూరంలో ఉన్న ఒక జూలో గొరిల్లాలను సాకేది.

ఆ ఎండాకాలం మా ఇంటి వాసన మాత్రం వేరు. తమ్ముడు పుట్టి ఆరు వారాలు. పురుడు పోయడానికి తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మ సూట్‌కేసు నిండా కాయం, వాము, శొంఠి తెచ్చింది. అమ్మకు రోజూ వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. తమ్ముడికి నలుగుపెట్టి నీళ్ళు పోశాక జుట్టుకు సాంబ్రాణి పొగ. పొగ వేసిన ప్రతిసారీ హాల్లో స్మోక్ అలారం గీపెట్టేది, నేను కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసిరేదాన్ని, కిందనుంచి డోనా ఆంటీ పరుగున వచ్చి తలుపు కొట్టేది. అలా వచ్చి వచ్చి ఆవిడ మా వంటింట్లో కూర్చుని ఇడ్లీ తినే మనిషైంది. అమ్మమ్మ ముక్కు మూసుకునే వడ్డించేది.

ఆంటీ దిగులంతా మాషా అనే ఆడ గొరిల్లా గురించి. నోరు తిరగక అమ్మమ్మ దాన్ని మాసమ్మ అనేది, మాకూ ఆ పేరే ఖాయమైపోయింది. మాసమ్మ తల్లి దగ్గర పెరగలేదు, మనుషులు సీసాపాలు పట్టి పెంచారు. అందుకని తల్లి అంటే ఏం చేయాలో దానికి ఎవరూ చూపించలేదు. మొదటి బిడ్డ పుట్టినప్పుడు గడ్డిలో వదిలేసి పక్కకెళ్ళి కూర్చుందట. ఆ పిల్లను తీసుకెళ్ళి ఇంకో జూలో వేరే గొరిల్లాకు అప్పగించారు. ఇప్పుడు మళ్ళీ కడుపుతో ఉంది. ఈసారీ పాలివ్వకపోతే ఈ బిడ్డనూ తీసేస్తారు, మాసమ్మను ఇక తల్లి కానివ్వరు. అందుకే పాలిచ్చే ఆడవాళ్ళను తీసుకొచ్చి అద్దం ముందు కూర్చోబెట్టి, చూసి నేర్చుకుంటుందేమోనని ఆశపడుతున్నారు. నువ్వు వస్తావా అని ఆంటీ అమ్మను అడిగింది.

ఆంటీ కిందికి దిగీదిగక ముందే అమ్మమ్మ లేచింది. "నీకేమన్నా మతి పోయిందా ఏందే? మూణ్ణెల్లు నిండని పసిగుడ్డుని కోతి ముందు కూర్చోబెట్టి పాలిస్తావా?"

"కోతి కాదమ్మా, గొరిల్లా. పాపం, ఫస్ట్ బేబీని ఆల్రెడీ తీసేసుకున్నారు దానికి. ప్లీజ్, నేను ప్రామిస్ చేశాను," అంది అమ్మ. మా అమ్మ మాటిచ్చిందంటే ఇక అంతే.

అలాగైతే తానూ వస్తానంది అమ్మమ్మ. ప్రతి శనివారం తమ్ముడి బుగ్గ మీద ఒకటి, అరికాలిలో ఒకటి కాటుక చుక్కలు పెట్టి, తన పాత నేతచీర చింపి కుట్టిన పైగుడ్డ సంచిలో వేసుకుని కారెక్కేది. జూలో జనం చూసే చోటుకు వెనకాల, ఉక్కు తలుపులు, ఇనుప వలలు, గడ్డి పరిచిన గదులు. ఒక గదికి మాత్రం మందపాటి అద్దం. ఆ అద్దానికి అవతల మాసమ్మ ఆకుకూర కాడలు నములుతూ, పొట్ట మీద చెయ్యి వేసుకుని, మా వైపు కన్నార్పకుండా చూసేది. పక్క గదిలో మగ గొరిల్లా ఒక్కసారి తలుపు గుద్దితే నేను అమ్మ వెనక్కి దూరేదాన్ని. అమ్మ అద్దం ముందు మఠం వేసుకుని కూర్చుని తమ్ముణ్ణి ఒళ్ళో వేసుకోగానే, అమ్మమ్మ పైగుడ్డ తీసి అమ్మ భుజం మీది నుంచి పిల్లాడి కాళ్ళ దాకా కప్పేసేది. పాలు తాగే బిడ్డ మీద కళ్ళు పడకూడదు. అందులోనూ ఆ కళ్ళు!

ఆంటీ ఒకటి రెండుసార్లు మెల్లగా గుడ్డ తీయమంది. అమ్మమ్మ ఇంగ్లీషు అర్థం కానట్టు నవ్వి ఇంకాస్త కిందికి లాగింది. అమ్మ ఇద్దరి మధ్యా నలిగిపోయి తల దించుకుంది. చివరికి ఆంటీ నన్ను పక్కకు పిలిచి, ఆ గుడ్డ మీ మతానికి సంబంధించిందా అని అడిగింది. దిష్టిని ఇంగ్లీషులో ఏమంటారో నాకేం తెలుసు? తెలియదంటే నామోషీ. అవును, మా మతం అనేశాను. ఆంటీ చటుక్కున రెండు చేతులూ పైకెత్తి క్షమాపణ చెప్పింది, ఎత్తుకోవడం చూసినా కొంత నయమే అంది, మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఒక్క మాటతో పని జరిగినందుకు నేను లోలోపల పొంగిపోయాను కూడా.

బళ్ళు తెరిచాక మాసమ్మ ప్రసవించింది. రెండో రోజు సాయంత్రం, నేను పార్కింగ్ లాట్‌లో సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి ఆడి అప్పుడే లోపలికొచ్చాను, డోనా ఆంటీ నుంచి ఫోన్ వచ్చింది. అమ్మ వింటూ వింటూ తెల్లబోయి, అమ్మమ్మకు చెప్పింది. బిడ్డను ఈసారి కింద పెట్టట్లేదట. కానీ ఆడుకోవడానికి ఇచ్చిన గోనెసంచి ఒకటి, అచ్చం అమ్మమ్మ కప్పినట్టే, భుజం మీది నుంచి నిండా కప్పేసి, గోడవైపు తిరిగి కూర్చుందట. లోపల పిల్ల నడుం దగ్గరే ఉంది, పాలు అందట్లేదు, ఏడుపు సన్నగిల్లిపోతోంది. రేపు పొద్దున పది దాకా చూసి, తల్లికి మత్తిచ్చి బిడ్డను తీసేస్తారు.

భోరుమని ఏడుస్తూ, మతమని చెప్పింది నేనేనని ఒప్పేసుకున్నాను. దెబ్బలు పడతాయనుకున్నాను. అమ్మమ్మ చాలాసేపు తమ్ముడి అరికాలి చుక్కను వేలితో రుద్దుతూ కూర్చుంది.

"నువ్వు అన్నది ఒక్క మాట. కప్పింది నేను కదే," అంది చివరికి. "పొద్దున్నే బయల్దేరదాం. మీ నాన్నతో చెప్పు."

మర్నాడు అమ్మ నైటీ మీదే స్వెటర్ వేసుకుని కారెక్కింది. గదిలో ఆంటీ, డాక్టరు, ఆయన పక్కన మందుపెట్టెతో ఇంకొకాయన, గోడ మీద గడియారం. తొమ్మిది దాటింది. అద్దం అవతల గోనెసంచి మూపు మాత్రమే కనబడుతోంది. అమ్మమ్మ పైగుడ్డ తీసింది గానీ కప్పలేదు. "కానీయవే," అంది అమ్మతో. అందరి ముందూ అమ్మ పాలిస్తుంటే, మా తమ్ముడు వెధవ, నాలుగు నెలలవాడు, రెండు గుక్కలు తాగి తల తిప్పేసి డాక్టరు కేసి చూసి నవ్వుతాడు! అమ్మమ్మ వాడి చెంప నిమిరి మళ్ళీ తాగించి, తర్వాత ఆ పైగుడ్డను మూటలా చుట్టి, చంటిపిల్లలా ఎత్తుకుని అద్దం దగ్గరికి వెళ్ళింది. అరచేత్తో అద్దం తట్టింది.

"మాసమ్మా, ఇటు చూడమ్మా. నడుం కాడ కాదే తల్లీ. పైకి. ఇంకా పైకి." గుడ్డ పిల్లను నడుం దగ్గర నుంచి రొమ్ము దాకా నెమ్మదిగా జరిపింది. మళ్ళీ కిందికి, మళ్ళీ పైకి. ఎన్నిసార్లో లెక్కలేదు.

మాసమ్మ తిరిగింది. ముందు అమ్మమ్మను చూసింది, తర్వాత చాలాసేపు అమ్మను. సంచి భుజం మీది నుంచి జారింది, దాన్ని మళ్ళీ లాక్కోలేదు. ముడతల మొహంతో పిడికెడంత పిల్ల. దాన్ని పైకి తీసింది, కానీ తలకిందులుగా! ఆంటీ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాసమ్మ తడబడి, తిప్పి, మళ్ళీ పైకి జరిపింది. పిల్ల తల అటూ ఇటూ వెతికింది, ఆగింది. దవడ కదిలింది. డాక్టరు మందుపెట్టెను చప్పుడు కాకుండా నేల మీద పెట్టించి, తనూ అక్కడే కూలబడ్డాడు. అమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

బయటికొచ్చాక అమ్మమ్మకు ఉప్పు కావాలి. నాన్న కెఫెలోంచి కాగితం పొట్లాలు తెచ్చాడు. పార్కింగ్‌లో అమ్మను బిడ్డతో కారు పక్కన నిలబెట్టి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ తమ్ముడికి మూడుసార్లు తిప్పింది, తర్వాత ఏదో గొణిగింది. అది అయ్యాక గొరిల్లా ఇంటి వెనక గోడవైపు తిరిగి, గాలిలోనే మరో పిడికెడు మూడుసార్లు తిప్పింది.

ఆ గది ఇప్పుడు లేదు, కొత్తది కట్టారు. మాసమ్మ పోయింది. ఆంటీ ఎక్కడో దక్షిణాన ఉంటోంది. అమ్మమ్మ పోయి రెండేళ్ళు. మాసమ్మ కొడుకును పెద్దయ్యాక ఇంకో రాష్ట్రం పంపించారని తెలిసి, పోయిన శనివారం తమ్ముణ్ణి తీసుకెళ్ళాను. ఆ గొరిల్లాకు వీపు మీద వెంట్రుకలు నెరవడం మొదలైంది. జనం అద్దం కొడుతూ ఫోటోలు తీస్తుంటే, వాడు నెత్తి మీద గోనెసంచి కప్పుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

"అక్కా, సో వీడు నాకన్నా చిన్నోడా?"

"నాలుగు నెలలు. నువ్వు పాలు తాగడం వీళ్ళమ్మ చూసింది గనకే వీడికి పాలు దొరికాయి."

తమ్ముడు అద్దం కొడుతున్న పిల్లల్ని పక్కకు జరగమని చెప్పి అక్కడే నిలబడిపోయాడు. పార్కింగ్‌లో నేను రెండు ఉప్పు పొట్లాలు చింపాను.

"అక్కా, స్టాప్. అందరూ చూస్తున్నారు."

"చూస్తున్నారనేరా."

ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి అంటూ వాడికి మూడుసార్లు తిప్పాను. ఆ తర్వాత అమ్మమ్మ గొణిగే మాటలు నాకు రావు, ఎప్పుడూ అడగలేదు. గొరిల్లా ఇంటివైపు తిరిగి, రెండో పిడికిలి ఎత్తి, మాటల్లేకుండానే తిప్పాను.